సుపెర్గా కొండమీద పేర్లు పలికినవాడు



1949 మే 4వ తేదీ సాయంత్రం ఇటలీలోని టూరిన్ నగరం మీద మబ్బు దట్టంగా కమ్ముకుంది. ఆ నగరానికి ఆనుకుని సుపెర్గా అనే కొండ, కొండమీద ఒక పాత దేవాలయం ఉన్నాయి. 1706లో శత్రుసేన పట్టణాన్ని ముట్టడించినప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలుతున్న రెండవ విట్టోరియో అమెడియో మొక్కుకుని, మొక్కుబడి చెల్లించడానికి కట్టించిన దేవాలయం అది. లిస్బన్ నుంచి తిరిగి వస్తున్న ఒక విమానం పొగమంచులో దారి కానరాక దాని వెనుక గోడను ఢీకొంది. విమానంలో ఉన్న 31 మందిలో ఒక్కరూ బతకలేదు. వారిలో 18 మంది టొరినో ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాళ్లు. ఆ కాలానికి ఇటలీలో వారిని మించిన జట్టు లేదు.

దేహాలు ఎవరు ఎవరో తెలియనంతగా ఛిద్రమైపోయాయి. వారిని గుర్తుపట్టి పేరు చెప్పవలసిన పని 63 ఏళ్ల ఒక పెద్దాయన మీద పడింది. ఆయన వారి తండ్రి కాడు, బంధువు కాడు. వారిలో చాలామందిని దేశం జట్టులోకి మొదట పిలిచినవాడు. ఆయన ఆ శవాల మధ్య నడుస్తూ ఒక్కొక్కరినీ చూసి పేరు చెప్పాడు. ఆయన పేరు విట్టోరియో పొజ్జో.

ఫుట్‌బాల్ చరిత్రలో పొజ్జోకు ఉన్న స్థానం వేరు. పురుషుల ప్రపంచ కప్పును మేనేజరుగా రెండుసార్లు గెలిచినవాడు ఇప్పటివరకు ఆయన ఒక్కడే. అయితే ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుకు తేవడానికి కారణం ఆ కప్పులు కావు. ఆయనను భక్తుడిగా చూపించాలన్న ఉద్దేశం కూడా మాకు లేదు. ఒక మనిషిలో ఎంత నమ్మకత్వం ఉండగలదో, ఆ నమ్మకత్వాన్నే లోకాధికారం ఎలా వాడుకోగలదో ఈ ఒక్క జీవితంలో కలిసి కనిపిస్తాయి. అందుకే రాస్తున్నాం.

పొజ్జో 1886 మార్చి 2న టూరిన్‌లో పుట్టాడు. వారి కుటుంబం బియెల్లా దగ్గర ఉన్న పొండెరానో గ్రామానికి చెందినది. చదువులో చురుకైనవాడు, భాషలంటే మక్కువ. స్విట్జర్లాండ్ వెళ్లి అక్కడ చదువుకుంటూ జ్యూరిక్‌లోని గ్రాస్‌హాపర్స్ క్లబ్బులో బంతి ఆడాడు. తరువాత ఇంగ్లండు చేరాడు. ఇంటినుంచి వచ్చే డబ్బు ఆగిపోయినా తిరిగి రాలేదు. భాషలు నేర్పుతూ పొట్ట పోసుకున్నాడు. శనివారం వచ్చిందంటే ఫుట్‌బాల్ మైదానానికి వెళ్లేవాడు.

మాంచెస్టర్ యునైటెడ్ జట్టులో చార్లీ రాబర్ట్స్ అనే ఆటగాడు ఉండేవాడు. జట్టు నడిమధ్య నిలబడి, వెనుక రక్షణ చూస్తూనే ముందున్న వారికి దూరంగా బంతి అందించేవాడు. ఆయన ఆట పొజ్జో మనసులో నాటుకుంది. ఒకరోజు ఆట ముగిశాక బయట నిలబడి, ధైర్యం తెచ్చుకుని ఆయనను పలకరించాడు. ఆ పలకరింపు స్నేహమైంది. ఆ ముచ్చట్లలో నేర్చుకున్న ఆటతీరునే పొజ్జో జీవితాంతం పట్టుకున్నాడు. పెద్దవారి దగ్గర నేర్చుకోవడానికి గుమ్మం బయట వేచి ఉండే ఓపిక ఉన్నవాడు కాబట్టి తరువాత ఇతరులకు నేర్పగలిగాడు. చెల్లెలి పెళ్లికని ఇటలీ వచ్చినప్పుడు ఇంటివారు ఇక వెళ్లనివ్వలేదు.

ఆటగాడిగా పొజ్జో గొప్పవాడేమీ కాదు. 1906లో పుట్టిన టొరినో క్లబ్బు తొలి రోజులనుంచీ దానితో ఉన్నాడు. 1911 వరకు దాని తరఫున ఆడి, ఆ తరువాత పదేళ్లు క్లబ్బు ఆట వ్యవహారాలు చూశాడు. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్‌కు వెళ్లే జాతీయ జట్టు బాధ్యత ఆయనకు అప్పగించారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. మొదటి ఆటలోనే ఫిన్లండ్ చేతిలో 3-2 తేడాతో ఓడిపోయారు.

తరువాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పొజ్జో కొండ ప్రాంతాల్లో పోరాడే ఆల్పిని దళంలో అధికారిగా పనిచేశాడు. తోటివారు చనిపోవడం కళ్లారా చూశాడు. యుద్ధం ఆయనను విడిచిపెట్టలేదు. క్రమశిక్షణ, ఒకరి కోసం ఒకరు నిలబడటం, చనిపోయిన వారిని మరచిపోకపోవడం అక్కడినుంచి వెంట తెచ్చుకున్నాడు.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో మళ్లీ జట్టును నడిపాడు. క్వార్టర్ ఫైనల్లో స్విట్జర్లాండ్ చేతిలో ఓటమి ఎదురైంది. పొజ్జో తప్పుకున్నాడు. ఆ తరువాత కొద్దికాలానికే ఆయన భార్య జబ్బుచేసి మరణించింది. ఆయన మిలాన్ వెళ్లి పిరెల్లి కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ, లా స్టాంపా పత్రికకు ఫుట్‌బాల్ గురించి రాస్తూ గడిపాడు. రెండుసార్లు ఓడినవాడు, ఇల్లు చీకటైనవాడు. అక్కడితో ఆయన కథ ముగిసిందని ఎవరైనా అనుకుని ఉంటే తప్పుపట్టలేం.

1929లో మళ్లీ పిలుపు వచ్చింది. పొజ్జో ఒక షరతు పెట్టాడు. జీతం తీసుకోనన్నాడు. ఖర్చులు తప్ప మరేమీ అడగలేదు. తన కష్టార్జితం తనకు పత్రిక రాతలోనూ ఉద్యోగంలోనూ ఉంది. దేశం కోసం చేసే పనికి వెల కట్టకూడదని ఆయన అభిప్రాయం. దాదాపు ఇరవై ఏళ్లపాటు, గెలిచిన కప్పుల మధ్య కూడా, ఆ మాట మీదే నిలిచాడు. తన చేతులతో గుడారాలు కుట్టుకుంటూ సువార్త ప్రకటించిన పౌలు మన పాఠకులకు ఇక్కడ గుర్తుకు వస్తాడు. ప్రతి ఆదివారం మన సంఘాల్లో పైసా ఆశించకుండా పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పే అక్కయ్యలూ అన్నయ్యలూ గుర్తుకు వస్తారు.

ఆయన జట్టును నడిపిన విధానం కూడా గమనించదగినది. పెద్ద పోటీకి ముందు ఆటగాళ్లనందరినీ ఊరికి దూరంగా ఒకచోట చేర్చి, కలిసి తిని కలిసి పడుకునేలా చేసేవాడు. వేర్వేరు క్లబ్బుల్లో ఒకరినొకరు ద్వేషించుకునే ఇద్దరు ఉంటే, వారికి కావాలనే ఒకే గది ఇచ్చేవాడు. సాధన ఆటల్లో తానే రిఫరీగా ఉండి, పగతో తోటివాడికి బంతి అందించని వాడిని మైదానం బయటికి పంపేసేవాడు. ఒక్కొక్కరి స్వభావం ఆయనకు తెలుసు. ఎవరిని గద్దించాలో, ఎవరి భుజం తట్టాలో తెలుసు.

1930 మే నెలలో జట్టు హంగరీతో ఆడటానికి బుడాపెస్ట్ బయలుదేరింది. దారిలో పొజ్జో వారిని ఇటలీ సరిహద్దున యుద్ధం జరిగిన చోట్లకు తీసుకెళ్లాడు. వేలాది సైనికుల సమాధుల ముందు ఆ యువకులను నిలబెట్టాడు. మీరు ఎవరి స్థానంలో నిలబడ్డారో చూడండన్నదే ఆయన ఉద్దేశం. ఆ ఆటలో ఇటలీ 5-0 తేడాతో గెలిచింది. 19 ఏళ్ల జుసెప్పె మేయాజ్జా మూడు గోల్స్ చేశాడు.

ఇంతవరకు చదివితే, ఎవరైనా మెచ్చుకునే జీవితం. ఇక కష్టమైన భాగం చెప్పాలి.

ఇటలీని అప్పుడు ఏలుతున్నది బెనిటో ముస్సోలినీ. 1934 ప్రపంచ కప్పు ఇటలీలోనే జరిగింది. తన పాలన గొప్పతనం లోకానికి చాటడానికి ముస్సోలినీ దానిని వాడుకున్నాడు. అసలు కప్పుతో పాటు, తన బిరుదు పేరుతో అంతకంటే పెద్ద కప్పు ఒకటి చేయించాడు. స్పెయిన్‌తో క్వార్టర్ ఫైనల్ 1-1గా ముగియగా, మర్నాడు మళ్లీ ఆడి ఇటలీ 1-0తో గెలిచింది. ఆ రెండో ఆటకు రిఫరీగా ఉన్న స్విస్ దేశస్థుడిని తరువాత ఆయన సొంత దేశపు ఫుట్‌బాల్ సమాఖ్యే సస్పెండ్ చేసింది. సెమీఫైనల్లో ఆస్ట్రియాను ఓడించి, జూన్ 10న రోమ్‌లో చెకోస్లొవేకియాతో ఫైనల్ ఆడారు. ముందు గోల్ ఇచ్చుకున్న ఇటలీ, ఆట ఇక పది నిమిషాలు కూడా లేదనగా ఓర్సి గోల్‌తో సమం చేసింది. అదనపు సమయంలో షియావియో గోల్‌తో 2-1 తేడాతో గెలిచింది. ముస్సోలినీ కూర్చుని చూశాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో విద్యార్థులతో కూడిన జట్టుతో పొజ్జో బంగారు పతకం కూడా గెలిచాడు.

1938 ప్రపంచ కప్పు ఫ్రాన్స్‌లో. జూన్ 5న మార్సెయ్ నగరంలో ఇటలీకి నార్వేతో మొదటి ఆట. ముస్సోలినీ పాలన భరించలేక దేశం విడిచి వచ్చిన ఇటాలియన్లు ఆ నగరంలో చాలామంది ఉన్నారు. ఆట మొదలయ్యే ముందు ఇటలీ ఆటగాళ్లు ఫాసిస్టు పద్ధతిలో చేతులు చాచి వందనం చేశారు. స్టేడియం అంతా ఈలలు, తిట్లు. పొజ్జో చేతులు దించనివ్వలేదు. గోల తగ్గేదాకా అలాగే నిలబెట్టాడు. తగ్గాక చేతులు దించారు. అంతటితో ఆగలేదు. మళ్లీ ఒకసారి చేతులు ఎత్తమని ఆజ్ఞాపించాడు. రెండోసారీ వందనం జరిగింది. ఫ్రాన్స్‌తో ఆడిన క్వార్టర్ ఫైనల్లో జట్టు నల్ల చొక్కాలు వేసుకుంది. ఆ నలుపు ముస్సోలినీ మనుషుల రంగు. జూన్ 19న పారిస్‌లో హంగరీని 4-2తో ఓడించి ఇటలీ రెండవసారి కప్పు గెలిచింది. ఆనాటి జట్టు నాయకుడు, ఎనిమిదేళ్ల క్రితం బుడాపెస్ట్‌లో మూడు గోల్స్ చేసిన ఆ మేయాజ్జాయే.

పొజ్జో తరువాతి రోజుల్లో చెప్పుకున్న సమాధానం ఇది. ఆ ఈలల ముందు చేయి దించితే నా పిల్లలు ఆటకు ముందే ఓడిపోయినట్టు. వారిని బెదరనివ్వకూడదనుకున్నాను. రాజకీయం నాకు పట్టదు, అది మా దేశపు లాంఛనం మాత్రమే. ఈ మాటలో కొంత నిజం ఉండి ఉండవచ్చు. కానీ ఆ స్టేడియంలో ఈలలు వేసినవారిలో ఎందరో ఆ చేతి వందనం వల్లనే ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవారు. వారికి అది లాంఛనం కాదు.

మన దానియేలు గ్రంథంలో ఇలాంటి దృశ్యమే ఒకటి ఉంది. దూరా మైదానంలో వాద్యాల ధ్వని వినబడగానే అందరూ సాగిలపడ్డారు. వారిలో చాలామంది చెడ్డవారు కారు. లాంఛనమేగా అనుకుని ఉంటారు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురు మాత్రం అది లాంఛనం కాదని గ్రహించారు. పొజ్జోకు లేనిది ధైర్యం కాదు, వేలమంది ఈలల మధ్య నిలబడగల ధైర్యం ఆయనకుంది. ఆ ధైర్యం ఎవరి పక్షాన నిలబడుతున్నదో చూసుకునే చూపు ఆ రోజున లేకపోయింది.

ఆ వందనం విలువ ఎంతో కొద్ది నెలల్లోనే తేలింది. 1938 శరదృతువులో ముస్సోలినీ ప్రభుత్వం యూదులకు వ్యతిరేకంగా జాతి చట్టాలు తెచ్చింది. యూదుల పిల్లలను బడులనుంచి వెళ్లగొట్టారు. బయటి దేశాల యూదులు దేశం విడిచిపోవాలన్నారు. ఆ చట్టాల కింద పడినవారిలో ఇద్దరు ఫుట్‌బాల్ కోచ్‌లు ఉన్నారు. ఇద్దరూ హంగరీ యూదులే.

మొదటివాడు ఆర్పాడ్ వీస్. మేయాజ్జా కుర్రవాడిగా ఉన్నప్పుడు అతనిలోని ప్రతిభను గుర్తించి, మిలాన్‌లోని క్లబ్బులో మొదటి అవకాశం ఇచ్చినవాడు ఆయనే. తరువాత బొలోన్యా జట్టుకు 1936, 1937 సంవత్సరాల్లో వరుసగా లీగు గెలిపించాడు. చట్టాలు రాగానే భార్యా ఇద్దరు పిల్లలతో ఇటలీ వదిలి, పారిస్ మీదుగా హాలండ్ చేరాడు. అక్కడ నాజీలు వారిని పట్టుకున్నారు. 1942 అక్టోబరులో భార్యనూ పిల్లలనూ ఆష్విట్జ్‌లో చంపారు. 1944 జనవరిలో ఆయన కూడా అక్కడే మరణించాడు. పారిస్‌లో కప్పు అందుకున్న నాయకుడికి ఆట దారి చూపిన గురువుకు, ఆ కప్పుతో గర్వించిన ప్రభుత్వం ఇచ్చిన బహుమానం అది.

రెండవవాడు ఎర్నో ఎర్బ్‌స్టీన్. పొజ్జో సొంత క్లబ్బయిన టొరినోకే ఆయన కోచ్. 1939లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 1944లో హంగరీలో నిర్బంధ శ్రమ శిబిరం పాలై, అక్కడినుంచి తప్పించుకుని ప్రాణం దక్కించుకున్నాడు. యుద్ధం ముగిశాక, తనను వెళ్లగొట్టిన దేశానికే తిరిగి వచ్చి, అదే టొరినో జట్టును మహా జట్టుగా తీర్చిదిద్దాడు.

న్యాయంగా మరొక సంగతి కూడా చెప్పాలి. యుద్ధం చివరి సంవత్సరాల్లో, జర్మన్లు ఉత్తర ఇటలీని ఆక్రమించిన రోజుల్లో, పొజ్జో బియెల్లా ప్రాంతంలో ఫాసిస్టు వ్యతిరేక పోరాటవాదులకు సాయపడ్డాడనీ, తప్పించుకున్న మిత్రరాజ్యాల యుద్ధఖైదీలకు ఆహారం, ఆసరా అందించాడనీ ఆయన మరణం తరువాత వెలుగులోకి వచ్చింది. ఆయన బతికుండగా దానిని చాటుకుని తన పేరు కడుక్కునే ప్రయత్నం చేయలేదు. మార్సెయ్‌లో వేలమంది ఎదుట ఎత్తిన చెయ్యి, ఎవరూ చూడకుండా రొట్టె అందించిన చెయ్యి ఒకే మనిషివి. మనలో ఎవరి చేతులనైనా ఇలాగే పరీక్షిస్తే ఏమి బయటపడుతుందో ప్రభువుకే తెలుసు.

యుద్ధం తరువాత కూడా జాతీయ జట్టు పొజ్జో చేతిలోనే ఉంది. 1947 మే నెలలో టూరిన్‌లో హంగరీతో జరిగిన ఆటలో ఇటలీ తరఫున దిగిన 11 మందిలో 10 మంది టొరినో వారే. అంటే ఎర్బ్‌స్టీన్ తీర్చిన జట్టే పొజ్జో జట్టు. వారి నాయకుడు వాలెంటినో మజ్జోలా. కానీ 1948 లండన్ ఒలింపిక్స్‌లో డెన్మార్క్ చేతిలో ఇటలీ 5-3తో ఓడింది. ఆయన పద్ధతులు పాతబడ్డాయన్న మాటలు అప్పటికే వినబడుతున్నాయి. పదవి పోయింది. ఇరవై ఏళ్ల పనికి ఆయన జీతం తీసుకోలేదు, పొమ్మన్నప్పుడు అడగడానికి బకాయి కూడా ఏమీ లేదు. పత్రికా రచయితగా మైదానం అంచుకు తిరిగి వచ్చాడు.

సంవత్సరం తిరగకముందే సుపెర్గా వచ్చింది.

మజ్జోలా చనిపోయాడు. పొజ్జో పిలిచి జాతీయ జట్టు చొక్కా తొడిగించిన యువకులు చనిపోయారు. రెండు నిరంకుశ ప్రభుత్వాల నుంచి, శిబిరం నుంచి బతికి బయటపడ్డ ఎర్బ్‌స్టీన్ ఆ కొండమీద చనిపోయాడు. విమానంలో ఉన్న ముగ్గురు పత్రికా రచయితల్లో ఒకడు లా స్టాంపా వాడు, పొజ్జో సహోద్యోగి. ఆ దేహాల మధ్య పొజ్జో నడిచాడు. ముఖం కనబడనిచోట వేరే గుర్తులు చూసి తెలుసుకోవాలంటే మనిషి ఎంత దగ్గరగా తెలిసి ఉండాలో ఆలోచించండి. ఎవరిని గద్దించాలో, ఎవరి భుజం తట్టాలో తెలిసినవాడు కాబట్టే ఆ పని చేయగలిగాడు. రెండు రోజుల తరువాత అంత్యక్రియలకు టూరిన్ వీధుల్లో ఐదు లక్షలకు పైగా జనం నిలబడ్డారు. లీగులో మిగిలిన నాలుగు ఆటలకు టొరినో తన కుర్రవాళ్ల జట్టును దింపింది. గౌరవసూచకంగా ఎదుటి జట్లు కూడా కుర్రవాళ్లనే దింపాయి. ఆ ఏటి విజేతగా టొరినో నిలిచింది.

పొజ్జో ఆ తరువాత దాదాపు ఇరవై ఏళ్లు బతికి, పత్రికకు రాస్తూ ఉండి, 1968 డిసెంబరు 21న కన్నుమూశాడు. పూర్వీకుల ఊరైన పొండెరానోలో సమాధి చేశారు. టూరిన్ పాత స్టేడియానికి ఒక కాలంలో ఆయన పేరు పెట్టారు. నేడు దానికి ఉన్న పేరు ఆయనది కాదు. సుపెర్గాలో పోయిన మహా టొరినో జట్టుది. తాను పేరు పేరునా గుర్తించిన యువకుల పేరు తన పేరు స్థానంలోకి రావడం పొజ్జోకు బాధ కలిగించేది కాదని మాకనిపిస్తుంది.

ప్రియులారా, ఈ జీవితం ముందు నిలబడి మనల్ని మనం అడుగుకోవలసిన ప్రశ్న ఉంది. మనం కష్టపడి, డబ్బు ఆశించకుండా, నమ్మకంగా పనిచేస్తే చాలనుకుంటాం. పొజ్జో అలాగే పనిచేశాడు. కానీ ఆయన పనికి వచ్చిన కీర్తిని దారిలో మరొకడు ఎత్తుకుపోయాడు. మన సంఘాల్లోనూ ఇది జరుగుతుంది. ఎన్నికల రోజుల్లో మన వేదికల మీదికి ఎవరెవరిని పిలిచి శాలువాలు కప్పుతున్నామో, ఎవరి కోసం విశ్వాసులను లేచి నిలబడి చప్పట్లు కొట్టమంటున్నామో ఆలోచించాలి. మర్యాదకేగా, లాంఛనమేగా అంటాం. ఆ మర్యాద వల్ల గుండె చిక్కబట్టుకునేవాడు మన వరుసల్లోనే ఎక్కడో వెనుక కూర్చుని ఉండవచ్చు. ఈలలు వేయడానికి కూడా వానికి ధైర్యం ఉండకపోవచ్చు.

పొజ్జో జీవితంలో నిలిచే దృశ్యం ఏది? పారిస్‌లో కప్పు ఎత్తిన దృశ్యం కాదు, మార్సెయ్‌లో చెయ్యెత్తిన దృశ్యమూ కాదు. ఏ పదవీ లేని ముసలివాడు, ఎవరి మెప్పూ లేకుండా, చనిపోయిన పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా పలికిన దృశ్యం. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుస్తాడని యోహాను సువార్తలో మన ప్రభువు తన గురించి చెప్పాడు. ఆ కాపరి పని కొద్దిపాటి నీడ ఆ రోజు ఆ కొండమీద, తప్పులు చేసిన ఒక మామూలు మనిషిలో కనిపించిందని మేము నమ్ముతున్నాం.

మన కాపరులకూ, పెద్దలకూ, ఆదివారపు బడి టీచర్లకూ మేము కోరేది ఇదే. అధికారం ముందు చెయ్యెత్తే ముందు ఒక్క క్షణం ఆగండి. మీకు అప్పగించినవారిని పేరు పేరునా తెలుసుకోండి. లోకపు చప్పట్లు ఆగిపోయిన రోజున కూడా వారి దగ్గర మీరు నిలబడి ఉండాలి. అట్టి కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.